వృద్ధాశ్రమంలో దళిత ముసలి స్త్రీలు: అస్తిత్వం గురించి కొన్ని ప్రశ్నలు

వృద్ధాశ్రమాల మీద తెలుగులో వచ్చిన కథల్ని, వ్యాసాల్ని ఒకచోట పోగేసి చూస్తే వాటిల్లో చాలాభాగం ఒకే కథను మళ్ళీ మళ్ళీ చెబుతున్నట్టు ఉంటుంది. కొడుకు అమెరికాలో ఉంటాడు. తల్లి ఆశ్రమంలో ఉంటుంది. పండక్కి ఫోను వస్తుందని ఎదురుచూస్తుంది. రచయిత చివర్లో ఉమ్మడి కుటుంబం కూలిపోయిందనీ, పాశ్చాత్య సంస్కృతి మనల్ని పాడుచేసిందనీ బాధపడతాడు. ఈ కథలోని తల్లికి ఒకప్పుడు ఇల్లుంది, ఇంటికి వరండా ఉంది, వరండాలో పడక్కుర్చీ ఉంది. ఆమెది ఏ కులమో రచయిత చెప్పడు. చెప్పకపోయినా పాఠకుడికి తెలుస్తుంది కాబట్టి చెప్పడు.

మా అమ్మమ్మలకు వరండాలు లేవు. వాళ్ళు ఆశ్రమాలకు చేరే దారి వేరు, అక్కడికి చేరాక వాళ్ళకు పోయేవి వేరు, దక్కేవి కూడా వేరే. పొలాల్లో, పురిటి గదుల్లో, పాకీ పనుల్లో, పల్లె చర్చిల్లో ఒక జీవితాన్ని నిర్మించుకున్న దళిత స్త్రీ డెబ్బై అయిదేళ్ళ వయసులో ఒక ఇనుప మంచం దగ్గరికి చేరినప్పుడు ‘నేనెవర్ని’ అన్న ప్రశ్నకు ఆమె దగ్గరున్న జవాబు ఏమవుతుంది? ఈ వ్యాసంలో మేము మాట్లాడదలచుకున్నది దీని గురించే.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఈ ప్రశ్న మాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా అమ్మమ్మ చెల్లెల్ని, అంటే మా చిన్నమ్మమ్మను, మేమే ఒక ఆశ్రమంలో చేర్పించాం. ఆమె అనుమతితోనే ఆమె సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాం. పేరు మాత్రం వద్దంది.

ఉమ్మడి కుటుంబం ఎవరిది?

కూలిపోయిందని అందరూ ఏడుస్తున్న ఆ ఉమ్మడి కుటుంబం భూమి చుట్టూ కట్టుకున్న కుటుంబం. పెద్దాయన పేర పట్టా ఉన్నంతకాలం ఆయన మాట చెల్లుతుంది. పెద్దామె నడుముకు తాళంచెవులు వేలాడుతుంటాయి. ముసలితనంలో వాళ్ళకొచ్చే గౌరవంలో ప్రేమ ఎంతో ఆస్తి ఎంతో విడదీసి చెప్పడం కష్టం. భూమి లేని మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో ఇటువంటి పెద్దరికం ఏర్పడే అవకాశమే తక్కువ. అక్కడ ముసలామె విలువ ఆమె చేసే పని మీద ఆధారపడి ఉంటుంది. కలుపుకు పోగలిగినంతకాలం పోతుంది. పోలేనప్పుడు మనవల్ని ఎత్తుకుంటుంది, పుల్లలు ఏరుతుంది, గేదెను చూస్తుంది. మంచాన పడితే చూసేందుకు మనుషులు లేక కాదు. చూసే మనిషి ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి. దాన్ని ప్రేమ లేకపోవడం అనడం అన్యాయం.

అసలు దళిత స్త్రీ ముసలితనందాకా బతకడమే ఒక విశేషం. దళిత స్త్రీల సగటు మరణ వయసు పైకులాల స్త్రీల కంటే 14.6 సంవత్సరాలు తక్కువని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018లో విడుదల చేసిన నివేదిక చెప్పింది. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. చనిపోయినవాళ్ళ వయసుల సగటు ఇది. ఇందులో పసిపిల్లల చావులూ, కాన్పు చావులూ అన్నీ కలిసి ఉంటాయి. ప్రతి దళిత స్త్రీ మిగతావాళ్ళకన్నా పద్నాలుగేళ్ళు ముందే పోతుందని దీని అర్థం కాదు. కానీ ముసలితనం అనేది కూడా అందరికీ సమానంగా పంచిన ఆస్తి కాదని ఈ అంకె గుర్తుచేస్తుంది. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో అరవై దాటినవాళ్ళు సుమారు 10.4 కోట్లు. వాళ్ళలో ఆడవాళ్ళు 5.3 కోట్లు. ‘వృద్ధులు’ అన్న ఒక్క మాట కింద ఇంతమందిని కలిపేస్తే ఎవరు ఏ బతుకు బతికి అక్కడికి వచ్చారో కనపడదు.

లారెన్స్ కోహెన్ అనే మానవశాస్త్రజ్ఞుడు కాశీలో ముసలివాళ్ళ మధ్య పనిచేసి 1998లో ‘నో ఏజింగ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకం రాశాడు. మధ్యతరగతి కాలనీల్లో ముసలితనం గురించి మాట్లాడితే కుటుంబం చెడిపోయిందన్న మాట వస్తుంది. నాగ్వా అనే చమార్ల వాడలో అదే మాట ఎత్తితే బలహీనత గురించి మాట్లాడతారు. ఆ బలహీనత ఒట్టి వయసువల్ల వచ్చింది కాదు. తిండి లేకపోవడం, పని, కులం కలిసి తెచ్చినది. పడుచువాళ్ళకూ ఉంటుంది. మా పల్లెలో ‘సత్తువ అయిపోయింది’ అంటారు. ముప్పై అయిదేళ్ళ మనిషి కూడా ఈ మాట అనడం మేము విన్నాం.

అస్తిత్వం అన్నమాట

1985లో కారంచేడు, 1991లో చుండూరు, 1994లో మాదిగ దండోరా తర్వాత తెలుగులో అస్తిత్వం గురించి బోలెడంత చర్చ జరిగింది. ఆ చర్చే మాలాంటి వాళ్ళకు నోరిచ్చింది. అయితే ఆ చర్చ ప్రధానంగా సమూహాల గురించి, అందులోనూ పడుచుదనం గురించి సాగింది. కారంచేడు పోరాటానికి మొదలు చెరువు దగ్గర మున్నంగి సువార్తమ్మ ఎత్తిన బిందె. ఆనాడు ముప్పై, నలభై ఏళ్ళున్న స్త్రీలకు ఇవాళ డెబ్బై, ఎనభై ఏళ్ళు. ఊరు విడిచి చీరాల శిబిరంలో వంటలు వండినవాళ్ళు, కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. మన చరిత్ర రాతల్లో మాత్రం వాళ్ళు ఆ రోజు దగ్గరే ఆగిపోయి ఉన్నారు.

సంస్థలోకి వచ్చిన మనిషి అస్తిత్వానికి ఏమవుతుందో చెప్పే పుస్తకాల్లో ఎర్వింగ్ గాఫ్‌మన్ 1961లో రాసిన ‘అసైలమ్స్’ ముఖ్యమైంది. బయటి లోకంతో సంబంధం తెంచి, ఒకే రకం మనుషులందర్నీ ఒకచోట చేర్చి, నిద్రా తిండీ పనీ అన్నీ ఒకే కప్పు కింద, ఒకే గంటకు నడిపించే చోటును ఆయన సమగ్ర సంస్థ అన్నాడు. జైళ్ళు, పిచ్చాసుపత్రులు, బ్యారక్‌లు, ముసలివాళ్ళ ఆశ్రమాలు ఆయన జాబితాలో ఉన్నాయి. గేటు దగ్గరే మనిషి దగ్గరున్నవి ఒక్కొక్కటీ తీసేస్తారు. బట్టలు, వస్తువులు, పేరు, తనకిష్టమైన వేళకు తనపని తాను చేసుకునే హక్కు. ఇదంతా కలిసి మనిషిలోని ‘నేను’ను చిన్నబుచ్చుతుందని ఆయన వివరించాడు. దీనికి కొంత భిన్నంగా షారన్ కాఫ్‌మన్ 1986లో రాసిన ‘ది ఏజ్‌లెస్ సెల్ఫ్’లో, అమెరికాలోని ముసలివాళ్ళు తమను తాము ముసలితనంతో గుర్తించుకోరనీ, జీవితమంతా తమను నడిపించిన కొన్ని విషయాలను పట్టుకుని, వాటితోనే ‘నేను’ను కొనసాగిస్తారనీ చెప్పింది.

ఈ రెండూ మనకు పనికొచ్చేవే. కానీ రెండింటిలోనూ మన స్త్రీకి సరిపడని ఒక ఊహ ఉంది. గాఫ్‌మన్ చెప్పిన మనిషి గేటు దాకా నిండు మనిషిగా వస్తాడు, గేటు దగ్గర పోగొట్టుకుంటాడు. దళిత స్త్రీ ఊళ్ళోనే ఎన్నో గేట్ల దగ్గర పోగొట్టుకుని వచ్చింది. కాఫ్‌మన్ చెప్పినట్టు పాత జీవితాన్ని కొనసాగించాలంటే ఆ జీవితాన్ని నలుగురిలో చెప్పుకోగలగాలి. దళిత స్త్రీ తన జీవితంలో గొప్పదాన్ని చెప్పబోతే కులం కూడా చెప్పాల్సి వస్తుంది. మంత్రసానితనం చెప్పుకోకుండా మా చిన్నమ్మమ్మ తానెవరో ఎట్లా చెబుతుంది? చెప్పాక పక్క మంచం ఆమె ఏమంటుంది?

మేము ఎందుకు చేర్పించాం

మా చిన్నమ్మమ్మ గుంటూరు జిల్లాలో ఒక మాదిగపల్లె మనిషి. నలభై ఏళ్ళకు పైగా పురుళ్ళు పోసింది. మాదిగపల్లెలో, మాలపల్లెలో, ఊళ్ళో కూడా. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని పాలేరు వస్తే లేచి వెళ్ళేది. బొడ్డు కోసి, మాయ పూడ్చి, తల్లికీ బిడ్డకీ నీళ్ళు పోసి వచ్చేది. చేటెడు వడ్లు, ఒక పాత చీర ఇచ్చేవాళ్ళు. పురిటి గదిలో అన్నిటినీ ముట్టుకున్న ఆ చేత్తో ఆ ఇంటి కుండలో నీళ్ళు ముంచుకోనిచ్చేవాళ్ళు కాదు. 2005లో జననీ సురక్ష యోజన వచ్చింది. కాన్పులు ఆస్పత్రులకు తరలాయి. అది మంచికే జరిగింది, తల్లుల చావులు తగ్గాలంటే అదే దారి. కానీ పల్లెల్లో మంత్రసానుల దగ్గరున్న తెలివిని ఎవరూ అడగలేదు, రాసిపెట్టలేదు. ఆమె అస్తిత్వంలోంచి మొదట పోయింది పని. ఆశ్రమం మాట ఎత్తడానికి చాలా ముందే అది పోయింది.

ఉన్న ఒక్క కొడుకు కుటుంబంతో సహా బెంగుళూరులో బిల్డింగు పనులకు వెళ్ళిపోయాడు. అక్కడ రేకుల షెడ్డులో ఆమెకు చోటు లేదు. మేము పెద్దచదువుకు వచ్చి హైదరాబాదులో ఒక అద్దె పోర్షనులో ఉంటున్నాం. ఆమెను తెచ్చుకున్నాం.

ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ‘మీరేమిట్లు?’ అని అడిగితే మేము అబద్ధం చెప్పాం. పట్నంలో ఇల్లు వెతుక్కున్న దళితులు చాలామందికి ఈ అబద్ధం తెలుసు. మా చదువు, మా బట్టలు, మా భాష ఆ అబద్ధాన్ని మోసేవి. చిన్నమ్మమ్మ మోయలేదు. చేతుల నిండా పచ్చబొట్లు, నోట్లో చుట్ట, పల్లె మాట. ఒకరోజు మేడమీద బట్టలు ఆరేస్తూ ఇంటివాళ్ళ ముసలామెతో మాటల్లో పడి, తాను మాదిగామెననీ, ఎంతమంది కమ్మోళ్ళ బిడ్డల్ని చేతుల్లోకి తీసుకున్నదీ సంబరంగా చెప్పింది. నెల తిరగకుండా ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. వాళ్ళ అల్లుడు వస్తున్నాడట.

ఆ రాత్రి ఆమె మీద మేము కోప్పడ్డాం. ఎందుకు చెప్పావని అడిగాం. ఆమెకు మా కోపం అర్థం కాలేదు. ‘నేను దొంగతనం చేశానని చెప్పానా?’ అంది. ఆ తర్వాత దొరికిన ఇల్లు చిన్నదనీ, మేము పగలంతా లైబ్రరీలో ఉంటామనీ, ఆమెకు బీపీ ఉందనీ ఎన్నో కారణాలు చెప్పుకుని ఆమెను ఆశ్రమంలో చేర్పించాం. ఆ కారణాలన్నీ నిజమే. కానీ అసలు కారణం ఆమె రోగం కాదు, ఆమె నోరు.

మొదటితరం చదువుకున్న దళితులు కులం దాచుకోవడం గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. అలా దాచుకున్న ఇంట్లో ముసలితల్లి సాక్ష్యంలా మిగులుతుందన్న సంగతి మాత్రం మాట్లాడుకోలేదు. గాఫ్‌మన్ ఆశ్రమం గేటు దగ్గర మొదలవుతుందన్న తొలగింపు మా అద్దె ఇంట్లోనే మొదలయింది.

పేరు, తిండి, పని, నీళ్ళు

ఆశ్రమంలో మొదట మారేది పేరు. కోస్తాలో దళిత క్రైస్తవ స్త్రీకి మామూలుగా రెండు పేర్లుంటాయి. చర్చిలో మరియమ్మ, రేషన్ కార్డులో లక్ష్మమ్మ. దీని వెనక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఉంది. ఆ ఉత్తర్వు ప్రకారం క్రైస్తవురాలు షెడ్యూల్డు కులం కాదు. సిక్కులను 1956లోనూ, బౌద్ధులను 1990లోనూ చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. అందుకని ఒక పేరు దేవుడికీ ఒక పేరు ప్రభుత్వానికీ పెట్టుకున్నారు. ఊళ్ళో ఆసాములు పిలిచే మూడో పేరొకటి ఉంటుంది, ఎంకి అనో పుల్లి అనో కురచగా. ఆశ్రమంలో ఈ మూడూ పోయి ‘మామ్మ’ మిగిలింది. అందరూ మామ్మలే. వేరు చెయ్యాల్సి వస్తే మంచం నంబరు. ‘మామ్మ’ మర్యాదగల పిలుపే కదా అనవచ్చు. ఎంకి అనిపించుకున్న మనిషికి మామ్మ అనిపించుకోవడం ఒక మెట్టు పైకే. కానీ చర్చిలో ఆదివారం అటెండెన్సులో వినపడే ఆ నిండు పేరు, ఆమెను ఆమెగా పిలిచిన ఒకే ఒక్క పేరు, ఇక ఎవరూ పలకరు.

తర్వాత తిండి. ఆశ్రమాల్లో చాలావాటిలో శాకాహారమే వండుతారు. దానికి ఖర్చు, శుభ్రత, పెద్దవయసులో అరుగుదల అని కారణాలు చెబుతారు. పెద్దమాంసం మాట ఎత్తే పనే లేదు. ఎండుచేపల వాసన కూడా పనికిరాదు. తునకల కూర తిని పెరిగిన మనిషి, పండక్కి పెద్దకూర వండి పల్లెకంతా పంచిన మనిషి పప్పుచారు తింటూ ‘బాగానే పెడతన్నారు’ అంటుంది. తిండి గురించి ఫిర్యాదు చెయ్యడమంటే కులం చెప్పుకోవడమేనని ఆమెకు ఈపాటికి తెలుసు.

పని విషయం మరీ చిక్కు. పైకులాల ముసలామెకు ఆశ్రమంలో పని లేకపోవడం విశ్రాంతి. దళిత ముసలామె ఊరుకోలేక చీపురు పట్టుకుంటే ‘ఆమెకు అలవాటేలే’ అంటారు. వారం తిరిగేసరికి వరండా ఊడవడం ఆమె పనవుతుంది. ఇక్కడ ఎవరూ ఆమెను బలవంతం చెయ్యరు. కులం అంటే బలవంతం మాత్రమే అనుకునేవాళ్ళకు ఇది కనపడదు. ఆమెకు చేతనయిన పనుల్లోంచి ఒక్క చీపురునే సంస్థ గుర్తుపట్టింది. పురుడు పోయడం, నాటు పాటలు, మందుచెట్ల ఎరుక వాళ్ళ లెక్కలోకి రాలేదు.

ఇక నీళ్ళు. పక్క మంచం ఆమె మొదటిరోజే ‘మీ ఇంటిపేరేంటి? ఊళ్ళోనా, పల్లెలోనా?’ అని అడిగింది. చిన్నమ్మమ్మ జవాబు చెప్పలేదు. మా దగ్గర నేర్చుకున్న పాఠం అక్కడ పాటించింది. జవాబు చెప్పకపోవడమే జవాబయింది. ఆమె ముంచిన నీళ్ళు పక్క మంచం ఆమె తాగదు. కొన్ని నెలలపాటు చిన్నమ్మమ్మ దాదాపు మాట్లాడడమే మానేసింది. ఆశ్రమం వాళ్ళు దీన్ని మతిమరుపు అనుకున్నారు, డాక్టరుకు చూపించారు. డాక్టరు మందు రాశాడు.

దక్కినవి కూడా చెప్పాలి

ఇంతవరకూ చెప్పిందంతా నష్టాల జాబితా. ఇక్కడే ఆపేస్తే మేము కూడా ఆ వరండా కథకుల్లో చేరినట్టే. ఆశ్రమంలో ఆమెకు దక్కినవి ఉన్నాయి. సొంతంగా ఒక మంచం. వేళకు అన్నం. పైన కారని కప్పు. తలుపు గడియ ఉన్న మరుగుదొడ్డి. ఒకరు వండి వడ్డిస్తుంటే కూర్చుని తినడం జీవితంలో మొదటిసారని ఆమె మాతో అంది. దళిత స్త్రీ తన కుటుంబంలో కూడా అందరికీ పెట్టి ఆఖర్న తినే మనిషే. ఆ పితృస్వామ్యం నుంచి ఆశ్రమం కొంత ఊపిరి ఇచ్చింది. తాగొచ్చి కొట్టే మనిషి లేడు. మధ్యాహ్నం నిద్రపోతే తిట్టేవాళ్ళు లేరు. సారా లాంబ్ కలకత్తా ఆశ్రమాల్లో పరిశోధించి 2009లో రాసిన పుస్తకంలో కూడా కొందరు స్త్రీలు అక్కడ తమకొక స్వేచ్ఛ దొరికిందనే చెబుతారు. వాళ్ళు ఎక్కువగా మధ్యతరగతివాళ్ళు. వాళ్ళకు దొరికింది కోడలి పెత్తనం నుంచి స్వేచ్ఛ. మావాళ్ళకు దొరికింది ఆకలి నుంచి, చాకిరీ నుంచి కొంత తెరపి. రెండూ ఒకటి కాదు, అయినా రెండూ నిజమే.

అస్తిత్వం కూడా ఒకసారి తీసేస్తే పోయే వస్తువు కాదు. ఆశ్రమంలో ఆయాగా పనిచేసే అమ్మాయి ఒకామె నిండు గర్భిణి. ఒకరోజు నడుం పట్టుకుని కూర్చుంటే చిన్నమ్మమ్మ దగ్గరికి పిలిచి, పొట్ట మీద చెయ్యివేసి చూసి, బిడ్డ తల ఇంకా కిందికి దిగలేదు, ఆస్పత్రిలో తప్పక చూపించుకోమని చెప్పింది. ఆస్పత్రిలోనూ అదే మాట చెప్పారట. అప్పట్నుంచి ఆయాలంతా ఆమె దగ్గరికి వస్తున్నారు. ఆమె మళ్ళీ మాట్లాడుతోంది. తాను మాదిగామెనని ఇప్పుడు తనే చెబుతోంది. పక్క మంచం ఆమె కూడా తన మనవరాలి నెలసరి గురించి ఏదో అడిగిందట. నీళ్ళు మాత్రం ఇప్పటికీ తాగదు.

చట్టం ఏం చూసింది, ఏం చూడలేదు

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అరవై ఏళ్ళు దాటినవాళ్ళు పిల్లల నుంచి పోషణ కోరవచ్చు. ట్రిబ్యునల్ ఇప్పించే మొత్తానికి నెలకు పదివేల రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టారు. చూస్తామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే 23వ సెక్షన్ ప్రకారం ఆ రాత చెల్లదని ప్రకటించవచ్చు. పిల్లలు లేనివాళ్ళు బంధువుల నుంచి పోషణ అడగవచ్చు. కానీ చట్టం దృష్టిలో బంధువంటే ఎవరు? ఆ ముసలామె ఆస్తి ఇప్పటికే అనుభవిస్తున్న వారసుడు, లేదా ఆమె తర్వాత అది పొందబోయే వారసుడు. ఆస్తే లేని స్త్రీకి ఈ లెక్కన బంధువే లేడు. పిల్లలుండీ వాళ్ళూ కూలీలే అయితే ట్రిబ్యునల్ ఏం ఇప్పిస్తుంది? ఆస్తిగల కుటుంబాన్ని మనసులో పెట్టుకుని రాసిన చట్టమిది.

అటువంటివాళ్ళకు మిగిలింది 19వ సెక్షన్. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపోయేట్టు ఆశ్రమాలు ప్రభుత్వం స్థాపించవచ్చని అది చెబుతుంది. స్థాపించి తీరాలని చెప్పదు. ఆశ్రమాల నిర్వహణకు ప్రమాణాలు పెట్టుకోవచ్చంటూ వైద్యాన్నీ, వినోదాన్నీ ప్రస్తావించింది. ముసలివాళ్ళకు మందు కావాలి, టీవీ కావాలి అని చట్టానికి తోచింది. వాళ్ళ మధ్య కులం ఉంటుందని తోచలేదు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ధర్మసంస్థల్లో అంటరానితనాన్ని నేరమంటుంది, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టమూ ఉంది. కానీ తిండి పెడుతున్న చోటు మీద కేసు పెట్టి ఆ ముసలామె ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుంది?

పింఛను సంగతీ ఇందులో భాగమే. 1995లో కేంద్రం వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు అది నెలకు 75 రూపాయలు. తెలంగాణలో 2014లో ఆసరాగా మొదలై 2019లో 2,016 రూపాయలయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 4,000 అయింది. ఈ డబ్బు ముసలామెకు ఇంట్లో ఒక మాట ఇచ్చింది. ఒకటో తారీకున ఆమె పేరు పెట్టి పిలిచి చేతికిస్తారు. మా చిన్నమ్మమ్మ పింఛను ఊళ్ళో ఉంది. ఆమె హైదరాబాదులో ఉంది. కలుపు తీసీ తీసీ ఆమె వేలిముద్రలు అరిగిపోయి మిషను మీద ఒకపట్టాన పడవు. అయినా పింఛనుకు ఊరు వెళ్ళొచ్చిన ప్రతిసారీ నాలుగు రోజులు ఆమె హుషారుగా ఉంటుంది. ఆ డబ్బుతోపాటు ఆమె తన పేరును కూడా విని వస్తుంది.

హాస్టలు, ఆశ్రమం

మాలాంటివాళ్ళకు సంస్థ కొత్త కాదు. పదేళ్ళ వయసులో ఒక రేకుపెట్టె, ఒక పళ్ళెం పట్టుకుని సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేరాం. అక్కడా గంట కొడితే అన్నం, గంట కొడితే నిద్ర. అక్కడా మంచి అన్నం కోసం ధర్నాలు చేశాం. హాస్టలు మనల్ని మింగేయలేదు. పైగా చాలామందికి దళిత చైతన్యం పుట్టింది అక్కడే. ఎందుకని? మనం గుంపుగా ఉన్నాం, అడిగే సంఘం ఉంది, ముందు ఒక భవిష్యత్తు ఉంది. ఆశ్రమంలో ఆమె ఒంటరిది, సంఘం లేదు. ఆమెకున్నది గడిచిన జీవితం. ఆ జీవితాన్ని విని గుర్తించేవాళ్ళు ఉంటేనే ఆమె నిలబడుతుంది. హాస్టళ్ళ సమస్యను ఉద్యమం తన సమస్యగా తీసుకున్నట్టే ఆశ్రమాల సమస్యను కూడా తీసుకోవాలని మేము అంటున్నది ఇందుకే.

చెయ్యగలిగిన పనులు ఉన్నాయి. జిల్లాకొక ప్రభుత్వ ఆశ్రమం కోసం అడగాలి. వాటి ప్రమాణాల్లో కులవివక్ష నిషేధాన్ని, ఫిర్యాదు చేసినవాళ్ళకు రక్షణను రాయించాలి. వారంలో ఒకరోజైనా వాళ్ళు తినే తిండి వండాలి. ఏ పేరుతో పిలవాలో వాళ్ళనే అడగాలి. చనిపోతే ఎక్కడ పూడ్చాలో ముందే రాసిపెట్టాలి. తన మొగుడి గోరీ పక్కన, పల్లె గోరీల దొడ్లో పడుకోవాలన్నది చిన్నమ్మమ్మ కోరిక. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడుకున్నవి కావు.

మొదట చెయ్యాల్సింది మాత్రం మనమే. చేర్పించే రోజు ఫారంలో ‘వృత్తి’ అన్నచోట మేము ‘ఏమీ లేదు’ అని రాశాం. కిందటి నెల ఆ ఫారం తీయించి, ఆ మాట కొట్టేసి ‘మంత్రసాని’ అని రాశాం. ఏం రాశావని ఆమె అడిగింది. చెప్పాం. ‘ఎన్ని పురుళ్ళో కూడా రాయి’ అంది. లెక్క ఆమెకూ తెలీదు, మాకూ తెలీదు.

గోగు శ్యామల రాసిన సదాలక్ష్మి బతుకు కథ 2011లో వచ్చింది. ఒక నాయకురాలి జీవితాన్ని ఆమె నోటితోనే చెప్పించి దాచిన పుస్తకమది. నాయకురాళ్ళు కాని స్త్రీల కథలు కూడా అలాగే దాచాలి. ఈ వ్యాసం చదివే విద్యార్థులు, టీచర్లు తమ దగ్గర్లో ఉన్న ఆశ్రమానికి ఒక ఆదివారం వెళ్ళాలని మా కోరిక. పళ్ళు పంచడానికీ ఫొటోలు దిగడానికీ కాదు. నీ పేరేంటి, ఏం పని చేశావు, ఏ పోరాటంలో ఉన్నావు అని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. ఈ పని ఆలస్యమయ్యే కొద్దీ చెప్పేవాళ్ళు తగ్గిపోతారు.